చెరువు వైపు

డర్బన్,
గురువారం.

అమ్మకు,

ఎలా ఉన్నారని అడగను. మీరంతా బాగానే ఉన్నారని టీవీలో చూశాను. నువ్వు మెరూన్ రంగు పట్టుచీర కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డావు. పక్కన నాన్న, వెనకాల కనకరత్నం అత్తయ్య, ఆ వెనకాల సగం ఊరు. నీ మూతి ముందు నాలుగైదు మైకులు. ఆ వీడియో ఇప్పటికి ఎంతమంది చూశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. నాతో ఆడేవాళ్ళు చూశారు, నాకు ఎదురు ఆడేవాళ్ళు చూశారు. నా కొంప మునగడానికి అది చాలు.

ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, మ్యాచ్ జరుగుతున్నంతసేపూ మా ఫోన్లు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఇవాళ మూడో టెస్టు మొదలైంది. నేను ఆడటం లేదు. ఆడేవాళ్ళకు మంచినీళ్ళ సీసాలు మోసే పని నాది. ఆ పని లేనప్పుడు డ్రెస్సింగ్ రూమ్‌లో మూల కుర్చీలో కూర్చుని హోటల్ కాగితాల మీద ఇది రాస్తున్నాను. ఫోన్ ఉన్నా చేసేవాణ్ణి కాదులే. ఫోన్‌లో అయితే నన్ను సగం మాట కూడా పూర్తి చేయనివ్వవు, చివర్లో అన్నం తిన్నావా అని అడిగి పెట్టేస్తావు. కాగితం మీద నాకు అడ్డు రాలేవు కాబట్టి ఇది పూర్తిగా విను.

మొదటి టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో నేను డెబ్భై నాలుగు కొట్టాను. ఇండియా టోపీ పెట్టుకున్న మొదటి మ్యాచ్‌లోనే అంత నిలకడగా ఆడావని మా బ్యాటింగ్ కోచ్ భుజం తట్టారు. ఆఫ్ సైడ్ నేను కొట్టిన షాట్ల గురించి ఇక్కడి పేపర్లో ఒకాయన సగం పేజీ రాశాడు. ఆ సాయంత్రమే టీవీ వాళ్ళు మన ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది, "మీ అబ్బాయి ఇంత అద్భుతంగా ఆడారు కదమ్మా, మీకెలా అనిపిస్తోంది?" అని. దానికి నువ్వు చెప్పిన జవాబు నాకు పొల్లుపోకుండా వచ్చు. "ఏం అద్భుతంలెండి. వాడికి చెరువు వైపు కొట్టడం రాదు. ఒంటి మీదకి బంతొచ్చిందంటే చిన్నప్పట్నుంచీ బెదురే. ఏదో అటు పక్క నాలుగు తగిలినయ్యి, అంతే." చెరువు వైపంటే ఏమిటని ఆ పిల్ల అడిగితే, కొంగు నడుముకు దోపి, బ్యాటు పట్టుకున్నట్టు వంగి, ఎడం పక్కకు చెయ్యి చాపి మరీ చూపించావు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు.

ఆ వీడియో కింద ఎవరో పుణ్యాత్ముడు నీ మాటలన్నీ ఇంగ్లీషులో రాసి పెట్టాడు. ఒక క్రికెటర్ తల్లే తన కొడుక్కి ఏ బంతి ఆడటం రాదో బొమ్మ కట్టినట్టు చూపిస్తే ఎదుటి జట్టు వదులుతుందా? రెండో ఇన్నింగ్స్‌లో నేను దిగేసరికి లెగ్ సైడ్, అదే నీ చెరువు వైపు, ముగ్గురు కాచుకుని ఉన్నారు. మొదటి బంతి పక్కటెముకల మీదకి, రెండోది గొంతు మీదకి. నా కాళ్ళ దగ్గర షార్ట్ లెగ్‌లో వంగి నిలబడ్డవాడు, "మీ అమ్మ చెప్పింది నిజమేనన్నమాట" అన్నాడు, ఇంగ్లీషులో. ఆ తర్వాతి బంతి నా గ్లవ్స్‌కు తగిలి వాడి చేతుల్లోనే పడింది. రెండో టెస్టులో రెండుసార్లూ ఇదే కథ. ఒక బౌన్సర్ హెల్మెట్‌కు తగిలి కళ్ళు బైర్లు కమ్మితే డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. బుర్ర సరిగ్గా ఉందో లేదో చూడటానికి నీ పేరేమిటి, మీ ఊరేమిటి అని అడిగాడు. ఊరి పేరు చెప్పడానికి నాకు ఒళ్ళు మండింది.

అమ్మ దిష్టి తగలకూడదనే అలా అందిరా అని నవ్యక్క నీ తరఫున వకాల్తా పుచ్చుకుని ఫోన్ చేసింది. దిష్టి తీయాలంటే నాలుగు ఎండుమిరపకాయలు నా ఫొటో చుట్టూ తిప్పి పొయ్యిలో పడెయ్యి. నన్ను ఎక్కడ కొడితే పడతానో ప్రపంచానికి చూపించడం ఏ రకం దిష్టి తీయడమో నాకు అర్థం కావడం లేదు.

అయినా నీకిది కొత్త కాదు. గుడివాడలో అండర్ సిక్స్‌టీన్ ఫైనల్లో వంద కొట్టి, ఆ కప్పు ఒళ్ళో పెట్టుకుని పామర్రు మీదుగా బస్సులో వచ్చాను. మన అరుగు మీదే కనకరత్నం అత్తయ్య "మీవాడు వజ్రం వదినా" అంది. "ఏం వజ్రం, లుంగీ కట్టుకోవడం కూడా చేతకాదు" అన్నావు. బందరులో నాకు ఆట నేర్పిన శివరామకృష్ణ మాస్టారు పనిగట్టుకుని మన ఇంటికి వచ్చి, "వీడు ఇండియాకి ఆడతాడండీ" అంటే, కాఫీ గ్లాసు ఆయన చేతికిస్తూ "ముందు టెన్త్ గట్టెక్కనివ్వండి" అన్నావు. నేను తలుపు పక్కనే నిలబడి విన్నాను. ఊళ్ళో పరాయి పిల్లలు బోర్లా పడినా మెచ్చుకుంటావు. బాగా ఆడావురా అని నీ నోటి నుంచి నేను ఒక్కసారి కూడా వినలేదు. దాని కోసం ఎన్ని మ్యాచ్‌లు ఆడానో నీకు తెలియదు.

అసలు చెరువు వైపు కొట్టడం నాకెందుకు రాదో టీవీ వాళ్ళకు అది కూడా చెప్పాల్సింది. మనం ఆడుకునే ఖాళీ జాగాకు ఎడం పక్కంతా నాన్న తవ్వించిన రొయ్యల చెరువే. అందులో బంతి పడితే రొయ్యలు బెదిరి మేత మానేస్తాయని, అటు కొట్టినవాడు ఔటని రూలు పెట్టింది ఎవరు? నువ్వు. ఔటవ్వడమే కాదు, ఆ రోజుకు వాడి ఆట బంద్. ఏడేళ్ళప్పుడు నేను ఒకసారి అటు కొడితే నా బ్యాటు తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టావు. అది కాలుతుంటే నేను పక్కన నిలబడి ఏడ్చాను, నువ్వు నా వంక కూడా చూడలేదు. ఆ రోజు నుంచి ఆ వైపు బంతి వస్తే నా చేతులు వాటంతటవే కిందికి దిగిపోతాయి. ఇక్కడ కోచ్ ఎన్ని వందల బంతులు విసిరినా లేవడం లేదు. నీ రొయ్యలు బతికాయి, నా పుల్ షాట్ చచ్చింది.

కాబట్టి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. వచ్చే నెల విశాఖపట్నంలో టెస్టు ఉంది. నేను జట్టులో ఉంటానో లేదో తెలియదు. ఉన్నా మీకు పాసులు పంపను. ఇక్కణ్ణుంచి నేరుగా బెంగళూరు అకాడమీకి వెళ్తున్నాను, ఇంటికి రాను. ఇంకెప్పుడూ నా గురించి ఎవరితోనూ మంచి గానీ చెడు గానీ మాట్లాడొద్దు. నీ నంబరు బ్లాక్ చేశాను. నాన్నది చేయలేదు, ఆయన ఎలాగూ మాట్లాడరు కాబట్టి.

లుంగీ కట్టుకోవడం చేతకాని నీ కొడుకు,
కృష్ణచైతన్య


కోడూరు రోడ్డు, అవనిగడ్డ,
ఆదివారం.

చైతన్యకు అమ్మ దీవెనలు. ఈ మాట అలవాటు కొద్దీ రాశాను. నీ ఉత్తరం తలుచుకుంటే కొట్టేద్దామనిపించింది గానీ దీవెన కొట్టేయకూడదని ఉంచాను.

నీ ఉత్తరం వచ్చేసరికి అరుగు మీద ఆడవాళ్ళం నలుగురం ఉన్నాం. ఫారిన్ స్టాంపు చూసి, "పైకి చదవండి వదినా, మేమూ వింటాం" అంది కనకరత్నం. మొదటి నాలుగు లైన్లు చూశాను. "క్షేమంగా ఉన్నాడంట, మీ అందర్నీ అడిగానని చెప్పమన్నాడు" అని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. నీ పరువు నేను అలా కాపాడాను. నువ్వేమో కాగితం మీద నాకు అడ్డు రాలేవు అని రాశావు. ఇప్పుడు నువ్వూ నాకు అడ్డు రాలేవు. కూర్చుని చదువు.

అవును, అన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అంటాను. నువ్వు పుట్టినప్పుడు నర్సు నిన్ను చేతికిస్తూ "పిల్లాడు బంగారంలా ఉన్నాడండీ" అంటే, "ముక్కు చప్పిడి" అన్నాను. పొత్తిళ్ళలో నిన్ను చూసి నా కళ్ళు తిరిగాయి, అంత బాగున్నావు. అయినా ముక్కు చప్పిడి అనే అన్నాను. మా అమ్మ నన్ను అలాగే పెంచింది, వాళ్ళమ్మ ఆమెను అలాగే పెంచింది. పదిమంది నోళ్ళు నిన్ను ఆకాశానికి ఎత్తుతుంటే కింద ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. ఆ పని తల్లిది. తల్లి కూడా వాళ్ళతో కలిసి చప్పట్లు కొడితే ఇక నిన్ను కాచేదెవరు? నీకిదంతా మూఢనమ్మకంగా కనిపిస్తుంది. కనిపించనీ. నీ చేత నమ్మించాలని నాకేం లేదు. మిరపకాయల సంగతి రాశావు, అవి కూడా తిప్పాను. ఘాటు రాలేదు. అంటే ఎంత దిష్టి ఉందో చూసుకో.

గేటు దగ్గర అన్న మాట డర్బన్ దాకా వస్తుందని నాకు తెలియదు. మైకు అంటే మన పంచాయతీ మైకే అనుకున్నాను, ఊరు దాటదనుకున్నాను. అది నా పొరపాటే. ఆ తెల్లవాడికి మన పద్ధతి తెలియక నా మాట నిజమనుకున్నాడు, వాణ్ణి నేనేమీ అనను. కానీ నువ్వు ఈ ఇంట్లో పుట్టావు. ఈ గేటు దగ్గరే ఆడుకున్నావు. నేను ఎందుకలా అంటానో నీకు తెలియదూ? నువ్వు కూడా ఆ తెల్లవాడి లాగే నా మాటను పట్టుకుని వేలాడుతున్నావు చూడు, అదీ నాకు కోపం. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. నువ్వు తిన్నావా లేదా అని అడగను, అడిగితే తప్పని రాశావు కాబట్టి.

ఇక చెరువు సంగతి. ఇది నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. నువ్వు నా రొయ్యలు, నీ షాటు అని ఎత్తిపొడిచావు కాబట్టి చెప్తున్నాను, విను.

మన దగ్గర పనిచేసిన కోటయ్య గుర్తున్నాడు కదా. నిన్ను భుజం మీద ఎక్కించుకుని గట్టు చుట్టూ తిప్పేవాడు. నీకు ఏడేళ్ళప్పుడు ఒకనాడు నువ్వు బంతిని చెరువులోకి కొట్టావు. అది కొత్త బంతి, అదే కావాలని రాగం పెట్టి ఏడ్చావు, ఏడుస్తూ నువ్వే దిగబోయావు. కోటయ్య నిన్ను వెనక్కి లాగి, "నువ్వుండు బాబూ, నేను తెస్తా" అని తను దిగాడు. ఆ రోజుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల కరెంటు తీగలు గట్టు మీద అలాగే పరిచి ఉండేవి. ఒకటి ఎక్కడో తెగి నీళ్ళలో ఉంది. నడుము లోతు నీళ్ళలోకి వెళ్ళాక మనిషి కొయ్యబారిపోయాడు. నేను గట్టు మీద మేత చల్లుతున్నాను. బుట్ట అక్కడే పడేసి షెడ్డుకు పరిగెత్తి మెయిన్ ఆపాను. ఎలా పరిగెత్తానో నాకు తెలియదు, కాలి మెట్టె కూడా ఎక్కడో పోయింది. బతికాడు. కానీ కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి, మళ్ళీ తెరుచుకోలేదు. పార పట్టే పని చేయలేడని మీ నాన్న బస్టాండు దగ్గర టీ కొట్టు పెట్టించారు. పని మానేసి కొట్టు పెట్టుకున్నాడని నీకు చెప్పాం.

కోటయ్య దిగుతుండగానే నిన్ను నవ్య ఇంట్లోకి ఈడ్చుకుపోయింది కాబట్టి నువ్వేమీ చూడలేదు. ఆ సాయంత్రమే నీ బ్యాటు పొయ్యిలో పెట్టాను. నీ వంక ఎందుకు చూడలేదంటావా, చూస్తే ఆ నీళ్ళలో కోటయ్య బదులు నువ్వు కనిపిస్తున్నావు. మర్నాటి నుంచి రూలు పెట్టాను. కరెంటు ఉంది దిగొద్దు అంటే మీ మగపిల్లలు పందెం కాసి మరీ దిగుతారు. రొయ్యలు చస్తాయి, మీ నాన్న తంతారు అంటే దిగరు. అందుకని రొయ్యల పేరు చెప్పాను. నీ బంతి కోసమే ఒక మనిషి చెయ్యి పోయిందని తెలిస్తే నువ్వు మళ్ళీ బ్యాటు పట్టేవాడివి కాదు. నా మీద కోపంతో అయినా ఆడుకుంటాడులే అనుకున్నాను. ఆడుకున్నావు. నీ పుల్ షాటు చచ్చిందని రాశావు. చస్తే చచ్చింది. నాకు నువ్వు కావాలి.

మీ నాన్న నీ ఉత్తరం చదివి, వెళ్ళి గట్టు మీద కూర్చున్నారు. తర్వాత జేసీబీ వాడికి ఫోన్ చేశారు, చెరువు పూడ్చేద్దామని. రొయ్య చేతికొచ్చే సమయంలో చెరువు పూడుస్తారట, నీ షాటు కోసం. వచ్చిన జేసీబీని నేను గేటు దగ్గరే తిప్పి పంపాను. చెరువు అక్కడే ఉంటుంది. ఇప్పుడు తీగలన్నీ పైపుల్లో ఉన్నాయి, ఎవరికీ ఏమీ కాదు. భయం చెరువులో లేదు, నీలో ఉంది. నేనే పెట్టాను, ఒప్పుకుంటాను. కానీ నీలోకి వచ్చి నేను తీయలేను, నువ్వే తీసుకోవాలి.

నీ పాసులు నీ దగ్గరే ఉంచుకో. టికెట్లు అమ్ముతారట, కొనుక్కుని వస్తాం. ఎవరు ఆపుతారో చూస్తాను.

మీ అమ్మ,
విజయకుమారి


విశాఖపట్నం,
శనివారం.

అమ్మకు,

ఈ ఉత్తరం నవ్యక్క చేతికిచ్చి పంపుతున్నాను. రేపు రైలెక్కే ముందు నీ చేతికిస్తుంది. నిన్న హోటల్ కిందికి వచ్చి కూర్చుని, నేను దిగేలోపు, "వాడు అలిసిపోయుంటాడు, పడుకోనీ" అని వెళ్ళిపోయావట. ఎదురుపడితే నేనేం మాట్లాడతానో అని నీకు భయమేసిందని అనుకుంటున్నాను. నాకూ వేసింది.

నీ ఉత్తరం బెంగళూరులో చదివాను. చదివాక మొదట వచ్చింది కోపమే. నేను రాగం పెట్టి ఏడ్చిన బంతి కోసం ఒక మనిషి చెయ్యి పోతే, ఇన్నేళ్ళూ నాకు చెప్పకుండా ఉండటానికి నీకేం హక్కుంది? సెలవులకు వచ్చినప్పుడల్లా బస్టాండు దగ్గర ఆయన కొట్టు ముందు నుంచే వెళ్ళాను. ఎడం చేత్తో టీ పోస్తుంటే ఆయన వాటమే అంతేమో అనుకున్నాను. ఎన్నోసార్లు అక్కడ టీ తాగాను. ఈ విషయంలో నిన్ను ఇప్పటికీ క్షమించలేదు, అది స్పష్టంగా తెలియాలని రాస్తున్నాను.

మర్నాడు ఆయనకు ఫోన్ చేశాను. "నా బంతి కోసమే దిగావంట కదా మావయ్యా" అన్నాను. గ్లాసులు కింద పెట్టిన చప్పుడైంది. "అమ్మగారు చెప్పేశారా" అన్నాడు. నేను సారీ చెప్పబోతుంటే వినిపించుకోకుండా, "అది సరేగానీ బాబూ, ఆ అటేపు బంతి నువ్వెందుకు కొట్టట్లేదు? మా కొట్టు దగ్గర అందరూ ఒకటే అడగటం" అన్నాడు. భయం మావయ్యా అన్నాను. ఇంతవరకు ఆ మాట నేను ఏ కోచ్‌తోనూ అనలేదు. ఆయన నవ్వాడు. "ఇప్పుడు భయమేంటి? బంతి తెచ్చిపెట్టడానికి అక్కడ బోలెడంతమంది ఉన్నారుగా. కొట్టు."

ఫోన్ పెట్టేసి బాత్‌రూమ్ తలుపేసుకుని ఏడ్చాను. ఆ మధ్యాహ్నం నెట్స్‌లో కోచ్ ఒంటి మీదకి విసిరిన బంతికి నా చేతులు మొదటిసారి లేచాయి. బంతి బ్యాటుకు తగల్లేదు, భుజానికి తగిలింది. అయినా చేతులు లేచాయి. ఆ నెలంతా నేను ఇంకే షాటూ ప్రాక్టీసు చేయలేదు. మా బ్యాట్స్‌మన్ ఒకతనికి వేలు విరగడంతో నాకు ఇక్కడ చోటు దొరికింది. దొరికిన రోజే నీకూ నాన్నకూ కోటయ్య మావయ్యకూ పాసులు పంపాను. నువ్వు టికెట్లు కూడా కొన్నావని నవ్యక్క చెప్పింది. ఎందుకు కొన్నావని అడగను, నీ పంతం నాకు తెలుసు.

ఇంగ్లండ్ వాళ్ళు నీ వీడియో చూసే వచ్చారు. నేను దిగగానే లెగ్ సైడ్ మనుషుల్ని సర్దారు. షార్ట్ లెగ్‌లో ఉన్నవాడు "చెరువు, చెరువు" అంటున్నాడు, తెలుగులోనే, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో. మొదటి బౌన్సర్‌కి వంగాను. రెండోది గాల్లోకి లేచి ఎవరికీ అందకుండా పడింది. మూడోది సరిగ్గా తగిలింది, స్టాండ్‌లో పడింది. ఎవరో పట్టుకుని లోపలికి విసిరారు. బంతి తిరిగి వచ్చింది, ఎవరికీ ఏమీ కాలేదు. నేను దాన్ని చూస్తూ నిలబడిపోతే అంపైర్ ఏమైందని అడిగాడు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. వాళ్ళు అక్కడే వేస్తూ పోయారు. నేను కొడుతున్నా నమ్మలేదు. కన్నతల్లి చెప్పింది అబద్ధం ఎలా అవుతుంది అనుకున్నారు కాబోలు, గుడ్డిగా తగులుతున్నాయిలే అని మళ్ళీ మళ్ళీ ఒంటి మీదకే వేశారు. టీ దాకా ఫీల్డింగ్ మార్చలేదు. ఏ బంతి వస్తుందో ముందే తెలిస్తే బ్యాట్స్‌మన్‌కు అంతకంటే ఏం కావాలి? నా నూట పద్దెనిమిదిలో సగానికి పైగా చెరువు వైపు వచ్చినవే. చివరికి అదే షాటుకు బౌండరీ దగ్గర క్యాచ్ ఇచ్చి ఔటయ్యాను. చెరువులో పడితే ఔటే కదా అనుకుని నవ్వుకుంటూ వచ్చాను, నవ్వెందుకని కెప్టెన్ కసిరాడు.

వంద పూర్తయ్యాక హెల్మెట్ తీసి బ్యాటు ఎత్తాను. పెద్ద తెర మీద నిన్ను చూపించారు. స్టేడియం అంతా లేచి నిలబడింది, నాన్న కళ్ళు తుడుచుకుంటున్నారు. నువ్వు మాత్రం మొహం చిట్లించుకుని పక్కావిడతో ఏదో అంటున్నావు. ఏమన్నావని నవ్యక్కను అడిగాను. "ఏం ఆటలెండి, ఎండలో టోపీ తీసేశాడు, రేపు ముక్కు కారుతుంది" అన్నావట. ఆ తర్వాత రెండు చేతులూ కణతలకు ఆనించి మెటికలు విరిచావు. అంత పెద్ద తెర మీద, అందరూ చూస్తుండగా. ఆట అయ్యాక విలేకరులు మీ అమ్మగారు ఏం చేశారని అడిగారు. ఎండకు తలనొప్పి వచ్చిందని చెప్పాను. మన గేటు లోపలి విషయం గేటు లోపలే ఉంచాను, చూశావా.

దీంతో అంతా సర్దుకుందని అనుకోకు. ఒక కోపం అలాగే ఉంది. వంద కొట్టినా, దేశమంతా మెచ్చుకున్నా, నువ్వు చెప్పే మాట కోసమే నేను ఆ తెర వంక చూశాను. నువ్వు చెప్పవు. ఎందుకు చెప్పవో తెలుసు. తెలిసినా నొప్పి తగ్గదు, అంతే.

ఊరెళ్ళాక టీవీ వాళ్ళు మళ్ళీ గేటు దగ్గరికి వస్తారు. ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. వాడికి స్పిన్ ఆడటం రాదని చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

చైతన్య

నంబరు బ్లాక్ తీసేశాను.


అవనిగడ్డ,
బుధవారం.

చైతన్యకు అమ్మ దీవెనలు. ఈసారి మనస్ఫూర్తిగానే రాశాను.

టీవీ వాళ్ళు వచ్చారు. నీకు స్పిన్ రాదని చెప్పాను. నువ్వు చెప్పమన్నావని కాదు, నాకే అలా అనిపించింది. ఆ ఎడమచేతివాడు వేస్తుంటే నీ కాలు ముందుకు రావడం లేదు, చూసుకో.

ఫోన్ కలుస్తోందని తెలుసు. ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. మీ నాన్న చెరువు దగ్గరికి వెళ్ళారు, ఇంట్లో ఎవరూ లేరు, తలుపేసుకుని రాస్తున్నాను.

నువ్వు ఆ మూడో బంతి కొట్టినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. బంతి అటు లేచిందంటే నా చెయ్యి మెయిన్ స్విచ్ కోసం వెళ్తుంది, ఇన్నేళ్ళైనా పోలేదు. ఆ రోజు కుర్చీ పట్టుకున్నాను. పక్కన కోటయ్య, "కళ్ళు తెరవండమ్మా, అక్కడ నీళ్ళు లేవు" అన్నాడు. తెరిచేసరికి బంతి నీ దగ్గరికి తిరిగి వస్తోంది. నువ్వు దాని వంకే చూస్తున్నావు. ఎందుకు చూస్తున్నావో అంత జనంలో మా ఇద్దరికే తెలుసు. కోటయ్య ఆ ముడుచుకున్న చేత్తోనే చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. కొట్టాలని చేతులు లేచాయి, ఒళ్ళో గట్టిగా నొక్కిపెట్టుకున్నాను. నీకు కోపం వస్తుందని తెలుసు. నా మీద నాకూ వచ్చింది.

చాలా బాగా ఆడావు నాన్నా. నువ్వు బ్యాటు ఎత్తి నిలబడితే నేను కన్నది నిన్నేనా అనిపించింది. గుడివాడలో నువ్వు వంద కొట్టిన రోజు కూడా బాగా ఆడావు. నీకు తెలియదు, పందిరి వెనకాల నిలబడి చూశాను, నీకంటే ముందు బస్సెక్కి ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. శివరామకృష్ణ గారు వీడు ఇండియాకి ఆడతాడండీ అన్నప్పుడు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. మొదటి టెస్టులో ఆ డెబ్భై నాలుగూ బాగా ఆడావు. నా మాట వల్ల ఓడిపోయిన రోజుల్లో కూడా బాగా ఆడావు, దెబ్బ తగిలినా మళ్ళీ లేచి నిలబడ్డావు. నీ అంత అందంగా బ్యాటు పట్టుకునేవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు.

రాయకూడనిదంతా రాసేశాను. ఇది ఎవరికీ చూపించకు, నవ్యకు కూడా. పెట్టెలో దాచుకోకు. ఒక్కసారి చదువుకో, చాలు. చదవగానే చింపెయ్.

అమ్మ